ఇరవై సాళ్ళకోసారి

మంట జర ఎగదొయ్యిరా పిల్లగా. కందికట్టె బుర్రున మండుతది గని నిలువది. దాని కిందికి ఆ తుమ్మమొద్దు నూకు. ఆఁ, గట్ల. ఇగ కూసో.

పొద్దుగాల్నుంచి నన్ను పానా అడుగుతున్నవు. పట్నంల కొన్న నీ పాటల పెట్టె చుట్టుకోసారి టక్కుమంటున్నదట. ఏడనో లూజున్నదట. బిగించాల్నట. పానాలు ఉన్నయి. అటుకుమీద రేకుడబ్బల సైజుకొకటి ఉన్నయి. గని ఇయ్య. మదరాసుల నా చేతిలకెల్లి పానా గుంజుకున్నోడు ఒకాయన ఉండె. ఆయన ముచ్చట ఇను. ఇన్నంక గూడ కావాల్నంటే నేనే తీసిస్త.

ముందుగాల మా నాయిన ముచ్చట జెప్పాలె. వడ్లపని మాది. మక్తల్ల పడమటి ఆంజనేయుని జాతర వొచ్చిందంటే మా వాకిట్ల బండ్లే బండ్లు. ఊట్కూరు దిక్కుకెల్లి, మరికల్ దిక్కుకెల్లి, క్రిష్ణ ఒడ్డు ఊర్లకెల్లి జాతరకు వొచ్చిన బండ్లు, తొవ్వల ఏదో ఒకటి ఊగి, మా ఇంటికాడ ఆగుతుండె. రైతు దిగంగనే ఏమంటడు? "వడ్లాయనా, చక్రం లూజయ్యింది, శీల గట్టిగ కొట్టు" అంటడు. మా నాయిన సుత్తె ముట్టకపోవు. "ఎడ్లను జర నడిపియ్యి" అంటుండె. బండి పదడుగులు నడిస్తే ఆయన పక్కపొంటి కండ్లు మూసుకొని నడుస్తుండె. మేము పోరగాండ్లం నవ్వుతుంటిమి.

ఆయన లెక్క ఏందంటే, చప్పుడు ఎంతసేపటికి ఒక్కసారి వొస్తున్నదో చూడాలె. చక్రం తిరిగినకాడికి చుట్టుకొక్కసారి కొడితే పట్టా అతుకుకాడ దోషం. ఆకు ఆకుకు కొడితే ఆకులు కుండల కదిలినయి. గుంతల పడ్డప్పుడే కొడితే అప్పుడు శీల సంగతి చూడాలె. ఎప్పటికీ ఒక్కతీరుగ కిర్రుమంటే అది లూజే గాదు, కందెన లేక. కందెన వెయ్యని బండికి కావల్సినంత సంగీతం అంటరు గద. ఆముదం మడ్డి పెట్టి పంపుతుండె, పైస గూడ తీసుకోకపోవు.

ఇంకోటి గూడ అంటుండె. ఇరుసుకు ఎప్పుడైనా జరంత ఆట ఉండాల్నంట. ఆట లేకుంటే కందెన యాడ నిలుస్తది? ఆట లేని బండి అడుగు నడువది. ఎక్కువైతే దారి తప్పుతది. గా నడుమ ఎంత అంటే, చెయ్యి పెట్టి ఊపి చూసి చెప్పెటోడే వడ్లోడు.

నేను పదమూడేండ్లకు రాయచూరు పొయ్యిన. అప్పుడు రాయచూరు పరాయిది గాదు, అదీ మనదీ ఒకటే హైదరాబాద్ రాజ్యం. 1956ల వాండ్లు మైసూరు దిక్కు పొయ్యిన్రు, మనము ఆంధ్రప్రదేశ్ల పడ్డం. మక్తల్ల బజార్ల కన్నడం మాట్లాడితే ఇప్పటికీ ఎవలూ ఎన్కకు తిరిగి చూడరు, గందుకే. నిజాం కట్టించిన క్రిష్ణ వంతెన దాటితే రాయచూరు. అక్కడ పత్తి జిన్నింగు మిల్లులు, పల్లినూనె మిల్లులు. మిల్లులున్నకాడ ఇనుపపని ఉంటది. ఒక వర్క్‌షాపుల లేత్ మీద వేసిన్రు నన్ను. ఏడేండ్లు ఇనుము కోసిన. షాఫ్టులు, బుష్షులు, పంపుసెట్టు పిస్టన్లు. లేత్ అంటే ఏందో ఎరుకేనా? ఇనుపముక్కను పట్టి గిర్రగిర్ర తిప్పుతది. పక్కకెల్లి ఉలి దాన్ని చెక్కుకుంట పోతది. ఆ ఉలిని మోసే బండిని క్యారేజ్ అంటరు. బండిని ఒక్కతీరుగ నూకేది పొడుగు మరల స్క్రూ, లీడ్ స్క్రూ. నా కండ్ల ముందర ఇప్పటికీ గదే తిరుగుతుంటది.

ఇగ 1962ల బొంబాయి–మదరాసు మెయిలెక్కి మదరాసు పొయ్యిన. మా మామొకాయన కోడంబాకం దిక్కు స్టూడియోలల్ల సెట్టింగుల వడ్లపని చేస్తుండె. ఆయన "ఒక పాటల రికార్డింగోళ్ళకు లేత్ పని ఎరుకైనోడు కావాల్నట, పోతవా" అన్నడు. పాటలోళ్ళకు లేత్ ఎందుకు అన్కున్న. మైకు స్టాండ్లు చేపిస్తరు గావొచ్చు అన్కున్న. పొయ్యిన. వాండ్ల పేరెందుకు లే, ఎప్పుడో మూసేసిన్రు. చిన్న ఇల్లు, లోపట రెండర్రలు, గోడలకు గోనెబట్టలు. ఓనరు అడిగిండు:

"లేత్ మీద ఎన్నేండ్లు చేసినవ్?"

"ఏడేండ్లు సార్."

"ఏడేండ్లా!" ఆయన కండ్లు ఇంతింత పెద్దగైనయి. ఇండియా మొత్తంల ఆ లేత్ మీద ఏడేండ్లు చేసినోళ్ళు ఎందరున్నరో ఆయనకు ఎరుక. నన్ను కుర్చీల కూసోవెట్టి కాపీ తెప్పిచ్చిండు. ఇనుపలేత్ మీద పనిచేసెటోనికి కాపీ ఇచ్చెటోళ్ళు గూడ ఉంటరా అన్కుంట తాగిన. అటెన్క లోపటికి తీస్కపొయ్యి గుడ్డ తీసిండు.

చూస్తే లేతే. బెడ్డున్నది, క్యారేజున్నది, లీడ్ స్క్రూ ఉన్నది. గని తిరిగేది నిలువుగ లేదు, పండవెట్టి ఉన్నది. ఇనుపముక్క జాగల నల్లగ అద్దం లెక్క మెరిసే ప్లేటు. ఉలి జాగల కంటికి ఆననంత సన్నటి నీలం రాయి మొన. "ఇది దేన్ని కోస్తది సార్?" అన్న. ఆయన నన్ను చూసిండు, నేను ఆయనను చూసిన. "పాటను" అన్నడు.

అబద్ధం జెప్పినట్టయింది గద నేను. గని వాండ్ల మేస్త్రి ఎన్కకెల్లి ఇన్నడు. నెల్లూరు దిక్కు మనిషి, డెబ్బై ఏండ్లు దగ్గరపడ్డయి, కండ్లద్దాలకు దారం కట్టుకుంటుండె. "ఉండనీ అయ్యా, మరల సంగతి తెలిసినోడే కావాల మనకు. పాట సంగతి నేను చెప్తా" అన్నడు. గట్ల పదేండ్లు ఉన్న.

పాట కోసుడు అంటే ఏందో జెప్త, మంచిగ ఇను. అల్యూమినియం రేకుమీద లక్కర్ పూత ఉంటది. మొన దానిల సాలు కోస్తది, మన కర్రు చెలకల కోసినట్టే. సాలు నిలువుల చూస్తే వి అక్షరం లెక్క ఉంటది. మొనను పట్టుకున్న తలకాయ డబ్బల అయస్కాంతం, తీగచుట్ట ఉంటయి, లౌడ్ స్పీకర్ల ఉన్నట్టే. పాట కరెంటు దాన్ల పొయ్యేకాడికి మొన ఇటు అటు వణుకుతది, సాలు వంకర్లు పోతది. ఆ వంకరే పాట. పాట లేనికాడ సాలు సాఫుగ ఉంటది. ప్లేటుమీద వెయ్యి గీతలున్నట్టు కానొస్తది గని అది ఒక్కటే సాలు, అంచుకాడ మొదలువెట్టి లోపటికి చుట్టుకుంట పోతది. ఇరవై నిమిషాల ప్లేటు సాలును ఇప్పి పరిస్తే నాలుగు వందల మీటర్లు దాటుతది. మన ఇంటికాడికెల్లి ఎంతదాంక పోతదో రేపు పొద్దుగాల నడిచి చూడు.

ఆ పూతల ఏముంటదో ఎరుకేనా? నైట్రోసెల్యులోజ్, పాత సినిమా రీలు చేసిన సరుకే. అది పెళుసుగ విరగకుండ దాన్ల ఆముదం కలుపుతరు. అవురా, మన పాలమూరు ఆముదమే! నేను నవ్విన ఇన్నంక. మా నాయిన ఇరుసుకు పెట్టేది, వీండ్లు పాటకు పెట్టేది, రెండూ ఒకటే నూనె. పాత కుక్కబొమ్మ ప్లేట్ల సంగతి వేరే. అవి పడితే పగిలేటియి, నిమిషానికి 78 చుట్లు తిరిగేటియి. వాట్ల ఉన్నది లక్క. మోదుగ కొమ్మలకు, రేగు కొమ్మలకు పట్టే పురుగు లక్క. రాతిపొడి కలిపి ఒత్తుతుండె. లక్క గాజులు, లక్క ప్లేట్లు అక్కచెల్లెండ్లే.

ఇగ మేస్త్రి ముచ్చట్లు ఒడువకపోవు. 1902ల గైస్‌బర్గ్ అని ఒక దొర కలకత్తాకు వొచ్చి గౌహర్ జాన్ పాట మైనం మీద కోసుకొని పొయ్యిండట. అప్పుడు తయారుచేసే ఫ్యాక్టరీ ఇక్కడ లేదు, మైనం ప్లేట్లను ఓడల వేసి జర్మనీల హానోవర్‌కు పంపి, ఒత్తిపిచ్చి మళ్ళ తెప్పిచ్చేది. 1908ల సియాల్దాల ఫ్యాక్టరీ పడ్డది, 1928ల డం డంకు మారింది. ఆ కాలపు మిషన్లు మోటరుతోని గాదు, బరువు కట్టి తిప్పేటియి. పైకెల్లి బరువు నెమ్మదిగ దిగుతుంటే ప్లేటు తిరుగుతది. మోటరంటే వణుకుతది. బరువు వణుకదు గద. ఈ బరువు ముచ్చట గుర్తువెట్టుకో, మళ్ళ పని పడుతది.

మా మిషను అప్పటికే ముసల్ది. పెద్ద కంపెనీలల్ల జర్మనీ న్యూమన్ మిషన్లుంటుండె, అమెరికాల స్కల్లీ మిషన్లకు పేరుండె. మాది ఎన్ని చేతులు మారి వొచ్చిందో, పేరుపలక గూడ అరిగిపొయ్యి ఉండె. నాటకాల కంపెనీలోళ్ళు పద్యాలు, లీడర్లు ఉపన్యాసాలు, సబ్బులోళ్ళు అడ్వర్టైజుమెంట్లు, గివే కోస్తుంటిమి.

ఒక వానకాలం, నేను పొయ్యిన నాల్గో ఏడు, అది తప్పుడు మొదలువెట్టింది. ఒక నాటకాలాయన పద్యాల ప్లేటు తీస్కపొయ్యి మర్నాడే ఎన్కకు తెచ్చిండు. రాగం తీసినకాడ ముల్లు ఎగిరి పక్కసాల్ల పడుతున్నది. క్రిష్ణుడు పాడుతున్న పద్యం నడుమల దుర్యోధనుడు వొస్తున్నడు. ఆయన ఏడ్వలేక నవ్వుతున్నడు, ఓనరు నవ్వలేక ఏడుస్తున్నడు.

ఓనరు తమ్ముని కొడుకొకడు ఇంజినీరింగు చదువుతుండె. వాడొచ్చి, "ఇదంతా లూజు పెదనాన్నా, బిగిస్తే సరిపోతుంది" అన్నడు. కానొచ్చిన ప్రతి బోల్టూ బిగిచ్చిండు. నేను గూడ సాయం పట్టిన, నా బుద్ధికి! క్యారేజుకు బెడ్డుకు నడుమ జిబ్బులని పట్టీలుంటయి, వాట్ని గూడ కదలకుండ బిగిచ్చినం. ఇగ చూడు. ముందుగాల ప్లేటుకు రెండుమూడు తావుల్ల తప్పుతుండె గద, ఇప్పుడు మొత్తం ప్లేటు పాడు. బిగిసిన బండి నున్నగ జరుగది. జరంతసేపు మొరాయిస్తది, స్క్రూ నూకి నూకి ఓపిక వట్టలేక, అప్పుడు ఒక్కసారే దుంకుతది. మళ్ళ మొరాయిస్తది. బురదల ఎద్దు లెక్క.

నేను ఇంకా బిగువు చాల్లేదేమో అన్కొని పానా ఎత్తిన. ఎన్కకెల్లి మేస్త్రి చెయ్యి పట్టుకొని గుంజుకున్నడు. "ఏమబ్బయా, జబ్బేందో తెలియకుండా నోట్లో మాత్ర కుక్కతా ఉండావే" అన్నడు. పానాను సొరుగుల వేసి తాళం వేసిండు. తాళంచెయ్యి మొలదారానికి కట్టుకున్నడు. మూడో దినందాంక ఇయ్యలేదు.

మొదటి దినం ఏం చేసిండంటే, జిబ్బులను ఎనుకటి తీరుగ సడలిచ్చిండు, అంతే. చేత్తోని నూకితే బండి వెన్నల జరిగినట్టు జరగాలె, ఊపితే కదలొద్దు. ఆ నడుమ ఎంతనో ఆయన వేలుకు ఎరుక. నాకు మా నాయిన యాదికొచ్చిండు.

రెండో దినం పాట లేకుండ ఉత్త ప్లేటు కోసినం. మైకు లేదు, టేపు లేదు. మొన ఒక్కతే. అంగుళానికి రెండు వందల సాళ్ళు. పాట ఉంటే చెవు పాట దిక్కు పోతదట, లూజు దిక్కు పోదట. అటెన్క ఆ ప్లేటును తిప్పి చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకొని కూసున్నడు. సన్నగ గుయ్యిమంటున్నది, అది మోటరు. మోటరు నిమిషానికి పదిహేనువందల చుట్లు తిరిగేది, అంటే సెకండుకు ఇరవైఅయిదు. బల్ల మీద అరచెయ్యి పెడితే గూడ తెలుస్తది. "ఇది ఎప్పుడూ ఉండేదే, ఇది కాదు" అన్నడు. ఇంకా ఉండుండి సన్నటి దెబ్బొకటి. దూరంల ఎవలో తలుపేసినట్టు. ధబ్. మళ్ళ చానసేపు ఏంలేదు. మళ్ళ ధబ్.

"లెక్క పెట్టు" అన్నడు. నా చేతికి గడియారమిచ్చిండు. నిమిషానికి ముప్పైమూడు చుట్లు, మూడోవంతు, ఆ ప్లేటు. అంటే ఒక్క చుట్టుకు 1.8 సెకండ్లు. చుట్టు చుట్టుకు వొస్తే తిరిగే పళ్ళెంల దోషం, దాని కింద బేరింగుల దోషం. గని ఇది 36 సెకండ్లకోసారి వొస్తున్నది. నాల్గుసార్లు చూసినం. 36, 36, 35, 36. ఆ ముప్పైఅయిదు నా తప్పే, కునుకు వట్టింది.

ఇగ ప్లేటును చేతిల పట్టుకొని బల్బు కిందికి తెచ్చిండు. పైకెల్లి గాదు, వాలుగ, అంచుకాడికెల్లి వెలుగు పడేటట్టు. అప్పుడు చూసిన నేను. అబ్బ! నీకు ఎట్ల జెప్పాలె... పొద్దుగూకే యాళ్ళకు గట్టుమీద నిలవడి ఇత్తనం వేసిన చెలకను చూస్తే, గొర్రు యాడ ఊగిందో సాళ్ళన్నీ చెప్తయి గద. నట్టనడి మధ్యాహ్నం ఏమీ కానరాదు. గట్లనే, ప్లేటుమీద వెలుగుచారలు, నీడచారలు, ఒక లెక్కతోని. సాళ్ళు ఒకకాడ దగ్గరపడుతున్నయి, ఒకకాడ ఎడమైతున్నయి. గొర్రు ఊగింది, జడ్డిగం ఊగింది అని మొత్తుకుంటున్నది ప్లేటు. "మేస్త్రీ, గొర్రు ఊగింది" అన్న. ఆయనకు నా మాట సమజ్ కాలే గని నేను చూసింది సమజైంది.

సూక్ష్మదర్శిని కింద వెట్టి చారకు చారకు నడుమ సాళ్ళు లెక్కవెట్టినం. ఇరవై. మళ్ళొకకాడ ఇరవై. ఇరవై సాళ్ళంటే ఇరవై చుట్లు, ఇరవై చుట్లంటే 36 సెకండ్లు. చెవు చెప్పిందీ కన్ను చెప్పిందీ ఒకటే అయింది.

మరి ఆ మిషన్ల ప్లేటు ఇరవై చుట్లు తిరిగేసరికి ఒక్కసారి తిరిగేది ఏది? మేస్త్రి నా దిక్కు చూసిండు. ఇనుపలేత్ మీద ఏడేండ్లు చేసినోణ్ని, ఇది నా లెక్క. లీడ్ స్క్రూకు అంగుళానికి పది మరలున్నయి. అది పది చుట్లు తిరిగితే బండి అంగుళం నడుస్తది. అంగుళంల రెండు వందల సాళ్ళు. రెండు వందలను పదితోని భాగించు. స్క్రూ! స్క్రూ మేస్త్రీ! అని ఒర్లిన. బయటి అర్రలకెల్లి ఓనరు ఉరికొచ్చిండు.

ఇప్పుడు గూడ పానా ఇయ్యలేదురా ఆయన. డయల్ గేజీ ఇచ్చిండు. స్క్రూ కొనకు ముల్లు ఆనిచ్చి చేత్తోని మెల్లగ తిప్పమన్నడు. స్క్రూ అంటే తిరగాలె, ముంగటికి ఎన్కకు జరగొద్దు. ఇది తిరిగినకాడికి చుట్టుకోసారి ముంగటికి జరిగి, టక్కున ఎన్కకు కూసుంటున్నది. ఎంత? అంగుళంల వెయ్యోవంతును మా వర్క్‌షాపు మాటల థౌ అంటరు. ఒకటిన్నర థౌ. మనిషి నెత్తి ఎంటిక మందంల సగం ఉంటదేమో.

గంత దానికేనా ఇంత లొల్లి అంటవా? లెక్క చూడు. అంగుళానికి రెండు వందల సాళ్ళంటే సాలుకు సాలుకు ఎడం అయిదు థౌలు. అండ్ల సాలు వెడల్పే రెండున్నర పొయ్యింది. మిగిలిన గట్టు రెండున్నర. రాగం గట్టిగ తీస్తే మొన వంకర పొయ్యి ఇటొక్కటి అటొక్కటి తింటది. ఇగ మిగిలిన గట్టెంత? దాన్ల ఒకటిన్నర ఊగితే సాలు పొయ్యి పక్కసాల్ల కలుస్తది. చెలకల గట్టు తెగితే నీళ్ళు పక్కమడిల పడ్డట్టు క్రిష్ణుడు పొయ్యి దుర్యోధనుని మడిల పడ్డడు.

మూడో దినం తాళం తీసిండు. స్క్రూ కొనకు ఒక గోలీగుండు, గుండు ఆనుకునేటందుకు గట్టి ఉక్కుబిళ్ళ ఉంటయి. స్క్రూ నూకే బలమంతా దాని మీదనే. బిళ్ళ అరిగి గుంతపడ్డది, గుంత గూడ నడుమల గాదు, ఒక పక్కకు. గుండు ఆ గుంతల పొర్లుకుంట పొయ్యి, చుట్టుకోసారి ఒడ్డు ఎక్కి లోపటికి పడుతున్నది. గదే ఆ ధబ్. ఇంజినీరు పిల్లగాడు పదిహేను బోల్టులు బిగిచ్చిండు గద, ఈ బిళ్ళ ఆ పదిహేనిట్ల లేనే లేదు. అది బోల్టే గాదు.

పక్కవీధిల వర్క్‌షాపుకు పొయ్యి, వాండ్ల ఇనుపలేత్ మీద నేనే కోసిన కొత్త బిళ్ళ. గట్టిపర్చి, అద్దం మీద సాన పొడి వేసి రుద్ది రుద్ది నున్నగ చేసిన. పాటలేత్‌కు ఇనుపలేత్ వైద్యం. ఆ దినం నాకు ఓనరు తాపిన మొదటి కాపీ రుణం తీరిందన్కున్న.

ఇంకొక పని చేసిండు మేస్త్రి. స్క్రూ మరలకు, దాన్ని పట్టుకునే సగం నట్టుకు నడుమ గూడ ఆట ఉంటది. అరిగినకాడికి పెరుగుతది. దాన్ని మొత్తం తీసెయ్యరాదు, తీస్తే పట్టేస్తది. ఏం చెయ్యాలె? క్యారేజుకు దారం కట్టి, గిలకమీదికెల్లి వేసి, కొనకు అర్ధకిలో తూకపురాయి ఏలాడదీసిండు. బరువు ఎప్పటికీ బండిని ఒక్క దిక్కే గుంజుతుంటది. ఆట ఆడనే ఉన్నది, గని మర ఎప్పుడూ ఒక్క చెంపకే ఆనుకొని ఉంటది, ఇటు అటు ఊగే తీరిక దానికి లేదు. కలకత్తా దొర మిషన్ల బరువు ముచ్చట చెప్పిన గద. గదే బరువు, వేరే పనికి. ఓనరు చూసి, "ఇంత మిషన్‌కు కిరాణాకొట్టు రాయా" అని సిగ్గుపడ్డడు. రాయికి నల్లరంగు ఏపిచ్చిండు, చూడొచ్చినోళ్ళకు జర్మనీ సామాను లెక్క కానొచ్చేటందుకు.

మర్నాడు మళ్ళ ఉత్త ప్లేటు కోసినం. ధబ్ లేదు. చారలు లేవు. నాటకాలాయన పద్యాలు మళ్ళ కోసినం, పైస తీసుకోలేదు.

ఆ మిషనుకు ఇంకా రోగాలొచ్చినయి లే. ఒకసారి రాగం ఎత్తుకున్నకాడ మాత్రమే గర్రుమని గీరినట్టు వొస్తుండె. మా నాయిన లెక్కల అది గుంతల పడ్డప్పుడే కొట్టే శీల. చూస్తే నీలపురాయి మొన దాని గూట్ల లొట్టగ కూసున్నది. ఇంకోసారి మిషను కాలొకటి నేలకు ఆనకపొయ్యేది. బయట లారీ పోతే ప్లేట్ల లారీ పడుతుండె. ఎవడో ఎప్పుడో పోస్టుకార్డు మడిచి కాలికింద వెట్టిండు, నేలూడ్చే ఆయమ్మ అది తీసి పారేసింది. అంతే దాని కథ. మంచంకోడు ఊగితే మనం చేసేదే.

నిప్పు గండం గూడ ఉండె. మొన కోసినకాడికి ప్లేటుకెల్లి నల్లటి పోగు లేస్తది, ఎంటిక తీరుగ. దాన్ని గొట్టంతోని గుంజి నీళ్ళ సీసల వేస్తుంటిమి, ఎందుకంటే అది భగ్గుమనే సరుకు. బీడీ తాగెటోణ్ని ఆ అర్రలకు రానియ్యకపోదురు. 2020 ఫిబ్రవరిల అమెరికాల, కాలిఫోర్నియాల, ఈ ప్లేట్లు తయారుచేసే అపోలో అనే ఫ్యాక్టరీ కాలిపొయ్యిందని నువ్వే గద పేపర్ల చదివి ఇనిపిచ్చినవు. దునియా మొత్తంల గసొంటి ఫ్యాక్టరీలు రెండే ఉంటే ఒకటి పొయ్యింది, జపాన్ల ఇంకోటి మిగిలింది. ఆ రాత్రి నాకు నిద్ర రాలే. అరవై ఏండ్ల కిందటి నీళ్ళసీస యాదికొచ్చింది.

1972ల కరువు గొట్టింది మనకాడ. నాయిన మంచంల పడ్డడు. నేను ఎన్కకొచ్చేసిన, మళ్ళ పోలే. అటెన్క క్యాసెట్లొచ్చె, ఇంకేవేవో వొచ్చె. నేను మక్తల్ల బోరుమోటర్లు బాగుచేసుకుంట బతికిన. మోటరు చెడిపొయ్యిందని రైతు పానా పట్టుకొని నిలవడితే, "ముందుగాల జర నడిపియ్యి" అంటుంటి. నవ్వుకుందురు.

ఇగ నీ పెట్టె సంగతి. చుట్టుకోసారి టక్కుమంటున్నది అన్నవు గద. నేను పొద్దుగాల్నే గడియారం పెట్టి చూసిన, నువ్వు పండుకున్నవు. 1.8 సెకండ్లకోసారి. నువ్వు లూజన్నది పళ్ళెమే అయితే ఏ ప్లేటు పెట్టినా టక్కుమనాలె. ఇంకో ప్లేటు పెట్టిన, అనలే. మళ్ళ మొదటిది పెట్టిన, అన్నది. ప్లేటును వాలుగ వెలుగుకు పట్టిన. సాళ్ళకడ్డంగ ఒక గీత, నీ ఉంగరంతోని పడ్డదో, సంచిల తాళంచెవులతోని పడ్డదో. ముల్లు చుట్టుకోసారి ఆ గీత దాటుతున్నది. పెట్టెకు ఏం గాలే. పానాతోని గీత బిగిస్తవారా?

లే, లోపటికి పో. నా పెట్టెల అడుగున, పాత ధోతిల చుట్టిన ప్లేటున్నది, తీస్కరా. అంచులు పట్టుకో, నడుమ వేలు వెట్టకు. పైన తెల్లగ బూజు లెక్క ఉంటది, భయపడకు. అది బూజు గాదు, లోపటి ఆముదం ఏండ్లకొద్ది ఊరి బయటికొచ్చింది. మెత్తటి బట్టతోని నేను తుడుస్త. రెండో దినం కోసిన ఉత్త ప్లేటు అది, పాట లేనిది. మదరాసుకెల్లి వొచ్చేటప్పుడు మేస్త్రి ఇచ్చిండు. ఇన్నేండ్లు దీన్ని పెట్టేటందుకు నాకాడ మిషను లేకపాయె.

పెట్టు. ముల్లు మెల్లగ దించు. సప్పుడు జెయ్యకున్రి, ఆ కుక్కను అవుతలికి పొమ్మను. గుయ్యిమని ఇనొస్తున్నది గద, అది మోటరు, దాన్ని ఇడిసిపెట్టు. ప్లేటుమీద కాయితం ముక్క గుర్తుకు పెట్టిన, అది నా దిక్కు వొచ్చినప్పుడల్ల ఒకటి లెక్కవెట్టు. మొదటి ధబ్ వొచ్చిందా? ఆఁ, ఇన్నవా! ఇప్పట్నుంచి.

ఒకటి. రెండు. మూడు...